ఫిట్‌నెస్ ఎవరి సొత్తు?

పరిణామవాదం మీద వాదన మొదలైతే చాలు, ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేసి తీరతారు. "ఫిట్‌గా ఉన్నవాళ్ళే బతుకుతారంటారు కదా. ఫిట్‌గా ఉన్నవాళ్ళెవరు? బతికినవాళ్ళు. అంటే బతికినవాళ్ళే బతుకుతారు. ఇందులో సైన్సేముంది?" జవాబు చెప్పేవాళ్ళు మామూలుగా రెండు దార్లు పడతారు. ఒకరు జిరాఫీ మెడ దగ్గర మొదలుపెట్టి పావుగంట ఉదాహరణలు చెబుతారు. ఇంకొకరు "ఆ మాట డార్విన్‌ది కాదు, హెర్బర్ట్ స్పెన్సర్‌ది" అని చేతులు దులుపుకుంటారు. మొదటిది అసలు జవాబే కాదు. రెండోది సగమే నిజం. మాటను 1864లో స్పెన్సర్ పుట్టించినా, 1869లో వచ్చిన "ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్" ఐదో కూర్పులో డార్విన్ దాన్ని నాలుగో అధ్యాయం పేరులోకే ఎక్కించుకున్నాడు.

ఈమధ్య ఇదే తగువు మరోసారి చదివాక ఒకటి అనిపించింది. ప్రశ్న వేసినవాళ్ళది తప్పే. కానీ వాళ్ళని ఆ తప్పులోకి దింపింది జీవశాస్త్రం చెప్పేవాళ్ళ మాటతీరు. ఎత్తు, బరువు, రంగు ఉన్నట్టే ఫిట్‌నెస్ కూడా జీవి ఒంట్లోనో జన్యువులోనో ఉంటుందన్నట్టు మాట్లాడతారు. అది అక్కడ లేదు. మిరపకాయలో కారం ఉంటుంది, లాభం ఉండదు. పంటకీ ధరకీ కూలికీ ఆ ఏటి వానకీ మధ్య ఎక్కడో లాభం పుడుతుంది. లాభం అబద్ధమని ఎవరూ అనరు, కానీ కాయని కోసి అందులో వెతకరు కూడా. ఫిట్‌నెస్ ఈ రెండో జాతి మాట అని నా వాదన. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. దీన్ని పట్టుకుని చివరిదాకా నడిస్తే ఎంత ఇరుకుల్లో పడతామో చూపించాలనే ఇంత రాయడం.

మాటల్లో దూరిన మనిషి

పాత పాఠాల్లో స్పెన్సర్ మాట "సర్వైవల్ ఆఫ్ ది ఫిట్టెస్ట్"కి "యోగ్యతమాల సార్థక జీవనం" అన్న పేరుండేది. చెవికి గంభీరంగా ఉంటుంది, అర్థానికి చేటు చేస్తుంది. యోగ్యుడంటే అర్హుడు. పెళ్ళి సంబంధాల్లో "అబ్బాయి యోగ్యుడు" అంటాం. అంటే మంచివాడు, నిలకడ గలవాడు. "సార్థకం" ఇంకో మెట్టు ఎక్కుతుంది: పుట్టినందుకు ప్రయోజనం నెరవేరిన బతుకు. మిగలడం అనే పొడి విషయానికి మనం రెండు కితాబులు తొడిగాం. ఇక మిగలనివాళ్ళు అయోగ్యులు, వాళ్ళ బతుకు నిరర్థకం అన్న అర్థం అడక్కుండానే వెనకాల వచ్చేస్తుంది.

"ప్రకృతి వరణం" (నేచురల్ సెలెక్షన్) కూడా తక్కువది కాదు. వరణమంటే కోరి ఎంచుకోవడం. స్వయంవరంలో ఉన్నది అదే మాట. ఎంచుకోవడం ఉంటే ఎంచుకునేవారు ఉండాలి. ఈ ఇబ్బంది ఇంగ్లీషులోనూ ఉంది, దాన్ని గట్టిగా పట్టుకున్నవాడు, డార్విన్‌తో పాటే విడిగా ఈ సిద్ధాంతానికి చేరుకున్న ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్. ప్రకృతి కూర్చుని ఏరుతోందని పాఠకులు అనుకుంటున్నారనీ, దాని బదులు స్పెన్సర్ మాట వాడితే మేలనీ 1866 జూలై 2న ఆయన డార్విన్‌కు ఉత్తరం రాశాడు. ఒక గోతిలోంచి లేవబోయి ఇంకో గోతిలో పడటమంటే ఇదే. ఏరే మనిషిని తీసేశారు, ఆ స్థానంలో గిరగిరా తిరిగే వాక్యం వచ్చి కూర్చుంది.

ఇప్పుడు తెలుగులో "ఫిట్‌నెస్" అనే అంటున్నాం. దీని బరువులు దీనికీ ఉన్నాయి: ఒకటి జిమ్, రెండోది రవాణా శాఖ ఇచ్చే బస్సు ఫిట్‌నెస్ సర్టిఫికెట్. బస్సు లెక్క ఇక్కడ చెడ్డ పోలిక, అందుకే పనికొస్తుంది. బ్రేకులు, టైర్లు, లైట్లు చూసి పాసో ఫెయిలో చెబుతారు. పక్క బస్సు ఎలా ఉందన్నది లెక్కలోకి రాదు. జీవశాస్త్రంలో ఫిట్‌నెస్ పూర్తిగా పక్కవాళ్ళతో పోలిక. గుంపులో ఎక్కువ సంతానాన్ని మిగిల్చే రకాన్ని 1 అనుకుని మిగతావాటిని దాని నిష్పత్తిలో రాస్తారు. 0.9 అంటే "90 శాతం ఆరోగ్యం" కాదు. అవతలి రకానికి పది మిగిలిన చోట దీనికి తొమ్మిది మిగులుతాయని, అంతే.

ఉప్పు గుణం, పిడుగు గుణం

తత్వవేత్త కార్ల్ పాపర్ కూడా ఒకప్పుడు డార్వినిజం పరీక్షకు నిలిచే సిద్ధాంతం కాదన్నాడు. 1977లో కేంబ్రిడ్జిలోని డార్విన్ కాలేజీ ఉపన్యాసంలో ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. మొదటిదాన్ని ఎత్తిచూపేవాళ్ళు రెండోదాన్ని ఎప్పుడూ చెప్పరు.

చక్రంలోంచి బయటపడే దారి మైకేల్ స్క్రివెన్ 1959లో చెప్పిన కవలల ఉదాహరణలో ఉంది. అన్నిట్లో ఒకేలా ఉన్న కవలలిద్దరు అడవిలో నిలబడ్డారు. ఒకరి మీద పిడుగు పడింది. రెండోవారికి పిల్లలు పుట్టారు. "బతికినవాళ్ళే ఫిట్" అన్నదే నిర్వచనమైతే రెండోవారు ఎక్కువ ఫిట్ అనాలి. అలా ఎవరూ అనరు, అది అదృష్టమంటారు. అంటే మనసులో మనం వాడే అర్థం వేరన్నమాట: ఎంతమంది పుట్టారన్నది కాదు, ఎంతమంది పుట్టే అవకాశం ఉందన్నది. సీసాలో ఉన్న ఉప్పు నీళ్ళలో పడకపోయినా "కరిగేది" అనే అంటాం కదా, అలాంటి గుణం. 1978లో రాబర్ట్ బ్రాండన్, 1979లో సూసన్ మిల్స్, జాన్ బీటీ దీన్ని పకడ్బందీగా రాశారు. ఫిట్‌నెస్ అంటే ఆ పరిసరాల్లో ఒక జీవికి కలగగల సంతానపు అంచనా సగటు అన్నారు. అంచనా తప్పొచ్చు, కాబట్టి వాక్యం గిరగిరా తిరగదు.

చాలామంది ఇక్కడితో పుస్తకం మూసేస్తారు. నాకు మాత్రం ఇక్కడే అనుమానం మొదలవుతుంది. సగటు అన్నారు సరే, ఏ సగటు?

ఎడారిలో ఏడాదికోసారి మొలిచి ఎండిపోయే మొక్క ఉందనుకుందాం. ఒక రకం విత్తనాలన్నీ తొలి వానకే మొలుస్తాయి. మంచి ఏడాది ఒక్కో మొలకకు 4 విత్తనాలు మిగులుతాయి, కరువు ఏడాది 0.2. రెండో రకంలో సగమే మొలుస్తాయి, మిగతా సగం మట్టిలో నిద్రపోతాయి. మట్టిలో ఏవీ చావవనుకుంటే మంచి ఏడాది దాని లెక్క 2.5, కరువు ఏడాది 0.6. మంచీ చెడూ సగం సగం వస్తే ఏడాది సగటు మొదటిదానికి 2.1, రెండోదానికి 1.55. నిర్వచనం ప్రకారం మొదటిదే ఎక్కువ ఫిట్. ఇప్పుడు వెయ్యేసి విత్తనాలతో మొదలుపెట్టి పదేళ్ళు నడపండి, ఐదు మంచివి, ఐదు కరువులు. తరాలు ఒకదాన్నొకటి గుణించుకుంటాయి, కూడుకోవు. మంచీ చెడూ జత కలిస్తే మొదటిది 0.8 రెట్లవుతుంది, రెండోది 1.5 రెట్లు. పదేళ్ళకు మొదటి రకం విత్తనాలు 328, రెండో రకంవి దాదాపు 7,600. ఏ ఏడాదికా ఏడాది సగటులో గెలిచింది పదేళ్ళకు మట్టిలో కలిసిపోయే దారిలో ఉంది.

ఇది కాగితం మీది బొమ్మే. డాన్ కోహెన్ 1966లో ఇలాంటి గణితమే వేశాడు. అరిజోనాలో టూసాన్ దగ్గరి టుమామొక్ గుట్ట మీద లారెన్స్ వెనబుల్ బృందం దశాబ్దాల పాటు ఏకవార్షిక మొక్కల్ని లెక్కపెట్టి, ఏటేటా దిగుబడి ఎక్కువగా ఊగిసలాడే జాతుల్లోనే తక్కువ వంతు విత్తనాలు మొలుస్తాయని చూపింది. వర్షాధారం మీద విత్తనమంతా ఒకే అదనులో చల్లడానికి జంకే రైతుకి ఇది కొత్త సంగతేమీ కాదు.

"సరే, కూడే సగటు బదులు గుణించే సగటు పెట్టుకుందాం" అనొచ్చు. అదీ అన్నిచోట్లా పనిచేయదు. ఒకే తరంలో ఒక్కో తల్లికి పుట్టే పిల్లల సంఖ్యలో హెచ్చుతగ్గులుంటే, సగటు సమానమైనా హెచ్చుతగ్గులు తక్కువున్న రకానికే మేలు జరుగుతుందనీ, ఆ మేలు గుంపు చిన్నదయ్యేకొద్దీ పెరుగుతుందనీ జాన్ గిలెస్పీ 1970లలో చూపించాడు. ఒక మొక్క ఎంత ఫిట్ అన్నది దాని చుట్టూ ఎన్ని మొక్కలున్నాయన్నదాన్ని బట్టి మారుతోందన్నమాట. ఉప్పు కరిగే గుణం పక్క సీసాలో ఎంత ఉప్పుందన్నదాన్ని బట్టి మారదే!

ఒకే జన్యువు, మూడు తీర్పులు

అసలు చిక్కు సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు దగ్గర చూడాలి. పాఠ్యపుస్తకాల్లో అరిగిపోయిన ఉదాహరణే. అరిగిపోయిన చోటే మెట్టు జారుతుంది.

హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ ఉంటే అది ఎస్ రూపం, మామూలుది ఏ రూపం. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తాయి కాబట్టి మనుషులు ఏఏ, ఏఎస్, ఎస్ఎస్ అని మూడు రకాలు. ఎస్ఎస్ అయితే జబ్బు. ఏఎస్ అయితే జబ్బుండదు, పైగా ఫాల్సిపారం మలేరియా ముదరకుండా కొంత రక్షణ ఉంటుంది. రక్తజబ్బులకీ మలేరియాకీ ఈ ముడి ఉండొచ్చని తలసీమియా విషయంలో జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1949లో రాశాడు. సికిల్ సెల్ విషయంలో 1954లో ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికా నుంచి ఆధారాలు తెచ్చాడు. మనకూ దూరపు సంగతి కాదు, ఆదిలాబాద్, విశాఖ ఏజెన్సీ గూడేలకు ఈ పేరు బాగా తెలుసు.

లెక్క కోసం అంకెలు పెట్టుకుందాం. ఇవి ఎక్కడా కొలిచినవి కావు. వైద్యం లేని కాలం, మలేరియా ఉన్న చోటు. ఏఎస్‌కు 1, ఏఏకు 0.9, ఎస్ఎస్‌కు 0. పెళ్ళిళ్ళు యాదృచ్ఛికంగా జరుగుతాయనుకుంటే ఎస్ వాటా 11లో 1 దగ్గర ఆగుతుంది. ఏఏ నష్టం 0.1ని రెండు నష్టాల మొత్తం 1.1తో భాగిస్తే వచ్చేది అదే. అప్పుడు వెయ్యి పుట్టుకల్లో సుమారు 826 ఏఏ, 165 ఏఎస్, 8 ఎస్ఎస్.

ఇప్పుడు మనుషుల్ని వదిలి జన్యువు ప్రతుల్ని లెక్కపెట్టండి. పుట్టినప్పుడు ఎస్ ప్రతులు సుమారు 182. వాటిలో తర్వాతి తరానికి చేరేవి ఏఎస్‌లలో ఉన్న 165. అంటే 0.909. ఏ ప్రతులు 1,818, చేరేవి 1,652. అదీ 0.909. ప్రాణం తీసే జబ్బు తెచ్చే రూపానికీ, "మామూలు" రూపానికీ ఫిట్‌నెస్ ఒక్కటే! ఒకటే కాబట్టే వాటాలు కదలకుండా నిలిచాయి. అదే ఎస్ అప్పుడే కొత్తగా, చాలా అరుదుగా ఉంటే అవన్నీ ఏఎస్‌లలోనే ఉంటాయి. అప్పుడు దాని లెక్క 1, ఏ లెక్క 0.9. మొదట్లో ముందంజ, చివర్లో సమానం. మధ్యలో అణువు మారలేదు, మలేరియా మారలేదు, ఎస్ ఎంత మందిలో ఉందన్నదే మారింది.

ఇక్కడిదాకా ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుంది. పాఠ్యపుస్తకం "యాదృచ్ఛిక పెళ్ళిళ్ళు" అని ఒక్క ముక్కలో తేల్చేసిన చోట ఇంకొంచెం ఆగాలి, ఎందుకంటే తెలుగువాళ్ళకి ఆ ఊహ ఎంత అబద్ధమో చెప్పనక్కర్లేదు. మేనరికం ఉంది, అక్క కూతుర్ని చేసుకోవడం ఉంది. జన్యుశాస్త్రం ఈ దగ్గరితనాన్ని ఎఫ్ అనే అంకెతో కొలుస్తుంది. బిడ్డకు రెండువైపుల నుంచీ వచ్చిన ప్రతులు ఒకే పూర్వీకుడి ఒకే ప్రతి నుంచి దిగివచ్చిన అవకాశం అది. మేనమామ పిల్లలు, మేనత్త పిల్లల మధ్య పెళ్ళయితే పుట్టే బిడ్డకు 16లో 1, మేనమామ–మేనకోడలు పెళ్ళయితే 8లో 1.

ఎస్ వాటా 11లో 1 ఉన్నచోట, బయటి సంబంధాల్లో వెయ్యి పుట్టుకల్లో 8 ఎస్ఎస్ అన్నాం. అదే మేనరికాల్లో అయితే వెయ్యికి సుమారు 13, మేనమామ–మేనకోడలి పెళ్ళిళ్ళలో సుమారు 19. ఈ పెరుగుదల డాక్టర్లకు తెలిసిందే. దీర్ఘకాలంలో ఏమవుతుందన్నదే నా వాదనకు కావలసింది. ఎఫ్ చేర్చి సమతుల్యతను మళ్ళీ కట్టండి. గుంపు మొత్తానికి సగటు ఎఫ్ 0.02 అయితే ఎస్ వాటా 9.1 శాతం బదులు 7.4 శాతం దగ్గర ఆగుతుంది. 16లో 1 అయితే 3.6 శాతం దగ్గర. 0.1 దాటితే ఎక్కడా ఆగదు, ఎస్ పూర్తిగా తుడిచిపెట్టుకుపోతుంది. అందరూ తరతరాలుగా మేనకోడళ్ళనే చేసుకునే ఊరు ఎక్కడా ఉండదు, నిజమైన సమాజాల్లో సగటు ఎఫ్ చాలా తక్కువ. అయినా ఆ 0.1 హద్దును కాసేపు చూడండి. హద్దుకు ఇటు ఎస్ "మలేరియా నుంచి కాపాడే జన్యువు". అటు "ప్రకృతి ఏరిపారేసిన జన్యువు". దోమలు అవే, పరాన్నజీవి అదే, ఏఏకు 0.9, ఏఎస్‌కు 1, ఎస్ఎస్‌కు 0, అన్నీ అవే. మారింది పెళ్ళి సంబంధాలు కుదిర్చే తీరు ఒక్కటే.

మూడో తీర్పు మలేరియా పోయాక. ఏఏకూ 1 వస్తుంది. అప్పుడు ఎస్ వాటా తరానికో మెట్టు చొప్పున 11లో 1, 12లో 1, 13లో 1 అలా దిగుతుంది. సగమవడానికి 11 తరాలు, తరానికి 25 ఏళ్ళు వేసుకుంటే 275 ఏళ్ళు. మలేరియాను మందుతో తరిమినా, దాని జ్ఞాపకం రక్తంలోంచి సగం పోవడానికే రెండున్నర శతాబ్దాలు దాటుతుంది.

"పరిసరాలను బట్టి" అంటే సరిపోదా?

ఇక్కడో న్యాయమైన అభ్యంతరం ఉంది. ఫిట్‌నెస్ పరిసరాలను బట్టి మారుతుందని అందరూ ఒప్పుకునేదే, ఇందులో కొత్తేముంది?

కొత్త ఎఫ్ దగ్గర ఉంది. మలేరియా పోవడమంటే పరిసరం మారడమే. మనుషుల మూడు రకాల్లో ఏఏ అంకె మారింది. కానీ మేనరికం లెక్కలో ఒక్క మనిషి ఫిట్‌నెస్ కూడా మారలేదు. ఎస్ ఫిట్‌నెస్ మాత్రం మారింది. ఎవరి పరిసరం మారినట్టు? ఏఎస్ మనిషి పరిసరమా? కాదే. ఎస్ ప్రతి పరిసరమా? ప్రతికి "పరిసరం" అంటే పక్కనున్న ఇంకో ప్రతి అని ఒప్పుకుంటేనే ఆ మాట నిలుస్తుంది.

సరిగ్గా ఈ చోటే తత్వవేత్తలు చీలిపోయారు. ఎలియట్ సోబర్, రిచర్డ్ లెవాంటిన్ 1982లో ఇదే రకం ఉదాహరణతో, ప్రతుల స్థాయిలో వేసే ఫిట్‌నెస్ లెక్క తప్పు కాదుగానీ ఉత్త అంకగణితమని వాదించారు. మరణం మనిషిని పట్టుకుంటుంది, ప్రతిని కాదు. జరిగిందంతా జరిగాక సగటు తీసి ప్రతి ఖాతాలో వేశాం. 1988లో కిమ్ స్టెరెల్నీ, ఫిలిప్ కిచర్ ఎదురు చెప్పారు. ఒక ప్రతికి జతగా వచ్చిన ప్రతి కూడా దాని పరిసరంలో భాగమే, అలా చూస్తే జన్యువు వైపు నుంచి కథంతా చెప్పొచ్చన్నారు.

లెక్కల్లో ఇద్దరూ తప్పులేదు. నేను సోబర్, లెవాంటిన్ వైపు మొగ్గుతాను. జత ప్రతిని పరిసరం అనొచ్చు. కానీ జతలు ఏ వంతున కుదురుతాయో నిర్ణయించే వావివరసల్ని కూడా ఒక అణువు పరిసరమనాలంటే "పరిసరం" అన్న మాటకు ఇక హద్దు లేదు. హద్దు లేని మాట దేన్నీ వివరించదు. అయితే ఒక పీటముడి మిగిలే ఉంది. ఇదే కత్తి మనిషి స్థాయికీ తగులుతుంది. ఏఏకు 0.9 అన్నాం కదా, అది మాత్రం సగటు కాదా? మలేరియా సోకినవాళ్ళు, సోకనివాళ్ళు, తిండి ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు అందర్నీ కలిపి తీసిందే. ఎక్కడ అంకగణితం ఆగి కారణం మొదలవుతుందో గీత గీయమంటే నా చెయ్యి కూడా వణుకుతుంది.

పద్దు నష్టం తెస్తుందా?

ఈ వణుకును చివరిదాకా తీసుకెళ్ళినవాళ్ళూ ఉన్నారు. మోహన్ మాథెన్, ఆండ్రే ఏరియూ ఒక వైపు, డెనిస్ వాల్ష్, టిమ్ లూయెన్స్, ఏరియూ ఇంకో వైపు, 2002లో రెండు వ్యాసాల్లో దాదాపు ఒకే మాట అన్నారు. పుట్టడాలు, చావడాలే కారణాలు; ప్రకృతి వరణం, డ్రిఫ్ట్ (ఉత్త యాదృచ్ఛికంగా వాటాలు అటూఇటూ కదలడం) అనేవి ఆ మొత్తం మీద వేసుకున్న గణాంకాలు. పద్దుపుస్తకం వ్యాపారాన్ని నడపదు.

ఫిట్‌నెస్ పద్దే అన్న నేను దీనికి తలూపాలి. ఊపలేను. జన్యుశాస్త్రవేత్తలు డోబ్‌జాన్‌స్కీ, పావ్‌లోవ్‌స్కీ 1957లో అచ్చువేసిన ఈగల ప్రయోగం అడ్డొస్తుంది. డ్రోసోఫిలా సూడోఅబ్‌స్క్యూరా ఈగల్లో మూడో క్రోమోజోములో జన్యువుల వరుసకు ఉండే రెండు అమరికలు తీసుకుని, చెరి సగం వాటాతో 20 గుంపులు మొదలుపెట్టారు. పదింటిని 4,000 ఈగలతో, పదింటిని 20 ఈగలతోనే. చిన్నవి కూడా త్వరలోనే డబ్బాలో పట్టినంత పెద్దవయ్యాయి, తేడా ఆరంభంలోనే. 17 నెలల తర్వాత పెద్ద ఆరంభపు గుంపుల్లో ఒక అమరిక వాటా 20 నుంచి 35 శాతం మధ్య ఉంది. చిన్న ఆరంభపు గుంపుల్లో 16 నుంచి 47 దాకా చెదిరిపోయింది.

రెండు రకాల గుంపుల్లోనూ వాటా 50 నుంచి కిందికే దిగింది. అది వరణం. చిన్నవాటిలో ఎక్కువగా చెదిరింది. అది డ్రిఫ్ట్. చెదరడాన్ని పెంచడానికి ప్రయోగం చేసినవాళ్ళు ఏ ఒక్క ఈగనూ ముట్టుకోలేదు, దాని గుణం మార్చలేదు. గుంపు పరిమాణం అనే ఒక్క మీటను తిప్పారు, ఫలితం మారింది. మీట తిప్పితే ఫలితం మారేదాన్ని కారణమనే అంటాం కదా అని కెన్ రీస్మన్, పాట్రిక్ ఫోర్బర్ 2005లో ఇదే ప్రయోగాన్ని చూపి వాదించారు. ఇది నాకు నచ్చిన జవాబు. గుంపు అమరిక కారణం కాగలదు. ఎఫ్ కూడా అలాంటి మీటే. ఫిట్‌నెస్ అంకె మాత్రం మీట కాదు. మీటలన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో చూశాక ముల్లు చూపించే అంకె. మీటనీ ముల్లునీ ఒకటే అనుకున్నప్పుడు "బతికినవాళ్ళే బతుకుతారు" వాక్యం పుడుతుంది.

గింజల సంచి

ఎన్ని అబద్ధపు ఊహల మీద కట్టిన మోడల్ కదా, దీన్నుంచి ఇన్ని మాటలు లాగొచ్చా? జీవశాస్త్రవేత్త అర్న్‌స్ట్ మయర్ అడిగింది ఇదే. జన్యువుల్ని సంచిలో రంగు గింజల్లా కలిపి తీసే గణితాన్ని ఆయన "బీన్‌బ్యాగ్ జన్యుశాస్త్రం" అని ఎద్దేవా చేశాడు. 1964లో హాల్డేన్ దాన్ని సమర్థిస్తూ వ్యాసం రాశాడు. అప్పటికి ఆయన ఇంగ్లండు వదిలి భారతదేశంలో స్థిరపడి ఏడేళ్ళు; అదే ఏడాది డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన దగ్గర పరిశోధన చేసిన పిఠాపురం మనిషి ద్రోణంరాజు కృష్ణారావు, మీరా ఖాన్‌తో కలిసి 1963లో ఆంధ్రలో దగ్గరి సంబంధాల పెళ్ళిళ్ళ లెక్కల్ని అచ్చువేశాడు. గింజల సంచిని ఎగతాళి చేసేవాళ్ళు మర్చిపోయేది ఇదే: సంచిలో గింజలు బాగా కలపలేదని తెలిస్తే ఎఫ్ అనే ఒక్క పదం చేర్చి సరిచేయొచ్చు. ఎక్కడ తప్పో తెలిసిన మోడల్ ఉండటం మేలు. మాటలతో చెప్పిన కథకి ఆ వెసులుబాటు లేదు, అది ఎక్కడ తప్పో ఎవరికీ కనపడదు.

తప్పు కనపడే తీరు కూడా చూడాలి, లేకపోతే మోడల్‌ని మరీ నెత్తికెత్తుకున్నట్టవుతుంది. పైన అనుకున్న అంకెలే నిజమైతే, పెద్దవాళ్ళ రక్తం పరీక్షిస్తే వెయ్యిమందిలో 182 మంది ఏఎస్ తేలాలి. ఎస్ వాటాను బట్టి గింజల సంచి చెప్పేది 165. ఈ 10 శాతం ఎక్కువే మలేరియా రక్షణకు సాక్ష్యం. సగటు ఎఫ్ 0.02 ఉంటే ఆ ఎక్కువలో ఐదో వంతు మాయమై 8 శాతానికి వస్తుంది. ఇంతకన్నా ప్రమాదం నమూనాలు కలిపేయడంలో ఉంది. ఒక గూడెంలో ఎస్ వాటా 20 శాతం, పక్క ఊళ్ళో సున్నా అనుకోండి. రెండు చోట్లా సమానంగా రక్తం తీసి ఒకే పట్టికలో వేస్తే వాటా 10 శాతం, ఏఎస్‌లు 18 శాతం ఉండాలని మోడల్ చెబుతుంది. నిజంగా ఉండేది 16. మలేరియా పెంచిన పది శాతాన్నీ కలపడంలో జరిగిన ఈ పొరపాటు పూర్తిగా మింగేస్తుంది. పట్టిక చూసినవాళ్ళు "ఇక్కడ రక్షణేమీ లేదు" అని రాసేస్తారు. రక్షణ ఉంది, రెండు ఊళ్ళ మధ్య పెళ్ళిళ్ళు లేవు, అంతే.

మొదటి ప్రశ్న అడిగినవాళ్ళకి నేనిచ్చే జవాబు కూడా ఇలాంటి పట్టికే. గిరగిరా తిరిగే వాక్యమైతే ఎప్పటికీ తప్పు కాకూడదు. ఈ లెక్క తప్పు కావచ్చు, ఎలా తప్పవుతుందో ముందే చెప్పొచ్చు. మలేరియా పూర్తిగా పోయిన చోట ఒక తరం పసిపిల్లల్లో ఎస్ వాటా 11లో 1 ఉంటే, తర్వాతి తరం పసిపిల్లల్లో 12లో 1 కనపడాలి. కనపడకపోతే 0.9 గురించి చెప్పిన కథ చెల్లదు. పెద్దవాళ్ళ రక్తం పనికిరాదు, చావులు జరిగిపోయి ఉంటాయి. నమూనాలు ఊరికి ఊరు విడిగా ఉంచాలి, సగటు ఎఫ్ రెండు తరాల్లో ఎంతో రాసుకోవాలి. ఎస్ఎస్ పిల్లలకు ఇప్పుడు వైద్యం అందుతోంది కాబట్టి ఆ సున్నాను కూడా దిద్దుకోవాలి, దిద్దితే తేడా ఇంకా సన్నబడుతుంది. దిద్దకపోయినా అది ముప్పాతిక శాతమే. గణాంకాల్లో మామూలుగా అడిగే నమ్మకంతో దాన్ని పట్టాలంటే ఒక్కో తరంలో సుమారు 11,000 మంది పసిపిల్లల రక్తపు చుక్కలు కావాలి, రెండు విడతల మధ్య పాతికేళ్ళు ఆగాలి.